గోరు ఆగని చోటు

పోయిన వారం లేత్ మిషన్‌ను గుమ్మంలో ఇరికించి వదిలేశాం. వారం రోజులుగా అది అక్కడే ఉండిపోయిందేమోనని కంగారు పడకండి. ద్వారబంధం ఊడదీశారు, గోడ అంచు రెండు వేళ్ళ మందాన చెక్కేశారు, అడుగున ఇనప గొట్టాలు వేసి దొర్లించారు. టన్నున్నర బరువు అంగుళం అంగుళంగా జరిగి సాయంత్రానికి ముందుగదిలోకి వచ్చింది. ఆ కుదుపులకి గోడ గడియారం ఆగిపోయింది. ఈ ఇంటికి మళ్ళీ గుమ్మం ఎప్పుడు పెడతారని కోడలు అడిగింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది మేస్త్రి ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మిషన్. ఇనప కడ్డీని గిర్రున తిప్పుతూ, పదునైన టూల్ ఆనించి, కావలసిన కొలతకి చెక్కడంలో ఆయన్ని మించిన టర్నర్ లేడని చుట్టుపక్కల పేరు. వర్క్‌షాపు మూతపడింది. షుగరు వచ్చి ఆయనకి రెండు కళ్ళూ పోయాయి. మిషన్ ఎక్కడో పాత ఇనుము కొట్టులో, చిరిగిన టార్పాలిన్ కింద తుప్పు పట్టి పడి ఉంది. కొడుకు రెండేళ్ళు తిరిగి తిరిగి దాన్ని వెతికి పట్టుకున్నాడు. పంపులు రిపేరు చేసే ఉద్యోగం వదులుకుని మరీ ఇంటికి తెచ్చాడు. ఎందుకయ్యా అంటే, నలభై ఏళ్ళు మీద పడినా అతనికి ఒకటే ఆశ. తండ్రి నోట 'బాగుంది' అనే మాట ఒక్కసారి వినాలి. మేస్త్రి ఆ మాటని ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళకి కూడా ధారాళంగా పంచేవాడు. కొడుకు దగ్గరికి వచ్చేసరికి ఆయన నోరు కట్టేసినట్టు అయిపోయేది.

రాత్రంతా మిషన్ ఆ గదిలో ఒంటరిగా ఉంది. లెవెల్ చేసి బిగించేదాకా దాన్ని ముట్టనని మేస్త్రి భీష్మించుకుని కూర్చున్నాడు. పొద్దున్నే కొడుకు బుడగతో మట్టం చూపించే లెవెల్ మిషన్ మీద పెట్టి, బోర్లా పడుకుని మిషన్ కాళ్ళ కింద పలచటి రేకు ముక్కలు దూర్చడం మొదలుపెట్టాడు. చెల్లెలు కిటికీ పక్కన నిలబడి చూస్తోంది. వెనక గదిలోంచి మేస్త్రి గొంతు వినబడుతోంది.

"బుడగ ఎటు పోయింది?"

"మీ వైపు, నాన్నా."

"నా వైపంటే? నేను మంచం మీద ఉన్నాను. లెవెల్‌లో బుడగ మంచానికి వచ్చిందా? చక్ వైపా, అవతలి వైపా?"

చక్ అంటే కడ్డీని దవడలతో కరిచి పట్టుకుని తిప్పే భాగం.

"చక్ వైపు."

"అయితే అవతలి కాలు కింద రేకు వెయ్యి."

"ఎంత మందం వెయ్యమంటారు?"

"నీ బుర్రంత మందం వెయ్యకు, చాలు."

కోడలికి నవ్వొచ్చింది. మొగుడి మొహం చూసి ఆపుకుంది. అతనికి మాత్రం కోపం రాలేదు. తండ్రి తిడుతున్నాడంటే పనిలో ఉన్నాడని అర్థం. రెండేళ్ళుగా ఆ మనిషి మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉన్నాడు. ఇవాళ కేకలు వేస్తున్నాడు. కొడుక్కి ప్రాణం లేచి వచ్చినట్టుంది.

పదకొండు గంటలకి బుడగ మధ్యలో నిలబడింది. బోల్టులు బిగించారు. బిగిస్తే మళ్ళీ కదిలింది. మళ్ళీ విప్పి, మళ్ళీ రేకు మార్చి, మళ్ళీ బిగించారు. నాలుగోసారికి కదలకుండా నిలిచింది.

"నాన్నా, ఇక రండి."

మేస్త్రి వెంటనే రాలేదు. ఇస్త్రీ చొక్కా కావాలని కోడల్ని అడిగాడు. గుండీలు తనే పెట్టుకున్నాడు. ఒకటి తప్పి పెట్టుకుంటే కోడలు సరిచేసింది. ఆమె భుజం పట్టుకుని ముందుగదిలోకి వచ్చి, మిషన్ ముందు వేసిన స్టూలు మీద కూర్చున్నాడు. ముక్కు ఎగబీల్చి నూనె వాసన పట్టాడు.

ఆయన చేతులు మొదట పెద్ద చక్రం పిడి మీదికి వెళ్ళాయి. దాని మీద ఒక చిన్న నొక్కు ఉంది. బొటనవేలు నేరుగా వెళ్ళి ఆ నొక్కులో కూర్చుంది.

"ఇదే. నాదే ఇది."

"మీదే నాన్నా."

"ఈ పిడి నేను చేసి తగిలించాను. అసలుది విరిగింది. అప్పుడు నీకు మూడేళ్ళు." చేతులు గేర్ల డబ్బా మీదికి పాకాయి, చక్ మీదికి వెళ్ళాయి, దవడల్ని ఒక్కొక్కటిగా తడిమాయి. ముసలాయన మొహంలో గట్టిగా బిగుసుకున్నది ఏదో వదులయింది. "ఎలా దొరికిందిరా?"

కొడుకు చెప్పాడు. ఏ కొట్టు, ఎవరు చెప్పారు, ఎన్నిసార్లు తిరిగాడు, అంతా చెప్పాడు. మేస్త్రి తల ఊపుతూ విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుకోలేదు. ఆయన ఎప్పుడూ అలా విని ఎరగడు కాబట్టి కొడుక్కి మాటలు తడబడ్డాయి.

"తుప్పు బాగా పట్టేసి ఉంటుందే?"

"పట్టింది నాన్నా. అంతా వదలగొట్టాను."

"అంతా అంటే?"

"అంతా. ఇప్పుడు చూస్తే అద్దంలా ఉంది."

మేస్త్రి చెయ్యి గాలిలో ఆగింది. "అద్దంలా," అన్నాడు మెల్లగా. తర్వాత ఆ చెయ్యి కిందికి దిగి బెడ్ మీద వాలింది.

బెడ్ అంటే మిషన్‌కి వెన్నెముక. నిడుపాటి రెండు ఇనప పట్టాలు. టూల్ పట్టుకున్న బండి వాటి మీదే అటూ ఇటూ జారుతుంది. ఆ పట్టాలు ఎంత తిన్నగా ఉంటే పని అంత తిన్నగా వస్తుంది. మేస్త్రి అరచెయ్యి వాటి మీద ఒకసారి జారింది. తర్వాత అరచెయ్యి తీసేసి చూపుడువేలి గోరు ఆనించాడు. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గోరు లాగాడు. ఆగలేదు. మళ్ళీ లాగాడు. సబ్బు మీద జారినట్టు జారిపోయింది.

"గోరు ఆగాలి," అన్నాడు ఆయన తనలో తనే.

"ఏంటి నాన్నా?"

"గోరు ఆగాలిరా ఇక్కడ. అడుగడుక్కీ ఆగాలి. దీన్ని ఏం చేశావు?"

కొడుకు చేసింది చెప్పాడు. హ్యాండ్ గ్రైండర్‌కి గరుకు చక్రం తగిలించి, ఆ చివరి నుంచి ఈ చివరిదాకా రుద్దాడు. ఆ పైన సన్నరకం గరుకు కాగితంతో మెరుగు పెట్టాడు. కొట్టులోనే, మూడు రోజులు. చెబుతున్నకొద్దీ గొంతు సన్నగిల్లింది. ఏదో తప్పు జరిగిందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు.

ఆ ఏమిటో నేను చెబుతాను. ఆ పట్టాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉండేవో గానీ, అరిగిపోయాక వాటిని తిన్నగా చేసినవాడు మేస్త్రి. యంత్రంతో కాదు, చేత్తో. చదునైన పట్టీకి నీలిరంగు పూసి బెడ్ మీద ఆనిస్తే ఎత్తుగా ఉన్న చోట రంగు అంటుతుంది. అంటిన ప్రతి చుక్కనీ స్క్రేపర్‌తో సన్నగా గీకాలి. మళ్ళీ రంగు, మళ్ళీ గీకుడు. అలా నలభై రోజులు. గీకిన గుర్తులు వేలకొద్దీ చిన్న చిన్న గుంటల్లా మిగులుతాయి. వాటిలో నూనె నిలుస్తుంది, వాటి మీదే బండి సాఫీగా నడుస్తుంది. గోరు ఆగేది వాటి దగ్గరే. కొడుకు వాటిని తుప్పు మచ్చలనుకున్నాడు. ఒక్కటి కూడా మిగల్చలేదు. చేత్తో నడిపిన గ్రైండర్ ఎక్కడ ఎంత తినేసిందో ఆ దేవుడికే తెలియాలి.

"ఎవరికోసం మెరిపించావు?" మేస్త్రి అడిగాడు. గొంతు పెంచలేదు.

"మీ కోసమే నాన్నా."

"నాకు కళ్ళు లేవు కదరా."

కొడుకు చేతిలోని పాత గుడ్డని మడత పెట్టసాగాడు.

"గుడ్డివాడికి అద్దం తెచ్చిపెట్టావు. తెలివైనవాడివే."

"మీరే కదా నాన్నా..." అతను నలభై ఏళ్ళవాడు. గొంతు మాత్రం పదేళ్ళవాడిది. "చిన్నప్పుడు వర్క్‌షాపుకి వస్తే, మిషన్ మీద మరక కనబడితే స్కేలుతో చేతుల మీద కొట్టేవారు. ఎక్కడా మరక ఉండకూడదని..."

"మరక తుడవమన్నాను. చర్మం ఒలిచెయ్యమనలేదు." మేస్త్రి మళ్ళీ గోరు ఆనించాడు, మళ్ళీ జారింది. "నేను నలభై రోజులు చేసింది మూడు రోజుల్లో తీసేశావు. ఇంత చురుకుదనం నీలో ఉందని ఇన్నాళ్ళూ తెలియక నిన్ను పనికిరానివాడివన్నాను. ఆ కొట్టులో దీన్ని ముక్కలు చేసి అమ్ముకున్నా ఇంతకన్నా గౌరవంగా చచ్చేది. నువ్వు చంపి, స్నానం చేయించి, ముస్తాబు చేసి ఇంటికి తెచ్చావు."

కోడలు "మామయ్యగారూ" అంది. ఆయన వినిపించుకోలేదు. ఒక మనిషి రెండేళ్ళు పడిన కష్టాన్ని రెండు నిమిషాల్లో నేలమట్టం చెయ్యడానికి అరుపులు అక్కర్లేదు, మేస్త్రికి ఆ విద్య బాగా వచ్చు. ఇలాంటివాళ్ళని నేను కొందరిని చూశాను. వాళ్ళ పనితనం గురించి చెప్పుకుంటాం గానీ ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పుకోం.

"గ్రైండర్ వైరు ఎవరు పట్టుకున్నారు?" ఉన్నట్టుండి అడిగాడు ఆయన. "బెడ్ పొడుగునా నడుస్తూ రుద్దాలంటే వైరు కాళ్ళకి చుట్టుకుంటుంది. ఒకరు వెనక ఉండాలి. ఎవరు?"

నిందలో కొంత ఇంకొకరి మీదికి మళ్ళితే మొగుడికి ఊపిరి ఆడుతుందనుకుంది కోడలు. పాపం, ఆమెకి తెలిసిందల్లా అంతే. "అమ్మాయి పట్టుకుంది మామయ్యగారూ. మూడు రోజులూ తనే. నేను క్యారేజీ తీసుకెళ్ళినప్పుడు చూశాను."

"అమ్మాయి," అన్నాడు మేస్త్రి. తల కిటికీ వైపు తిరిగింది. "బేరింగుల ఫ్యాక్టరీలో కొలతల గదిలో పనిచేసే అమ్మాయి. వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా పక్కన పడేసే అమ్మాయి. ఏమే, నీకు తెలియదా?"

చెల్లెలు కిటికీ దగ్గరనుంచి ఒక అడుగు ముందుకి వేసింది. అన్న తండ్రిని మీరు అంటాడు. ఆమె నువ్వు అంటుంది. అది చనువు కాదు.

"తెలుసు," అంది.

అన్న తల తిప్పి ఆమెను చూశాడు. "ఏం తెలుసు?"

"అవి తుప్పు మచ్చలు కావని తెలుసు అన్నయ్యా."

"మరి చెప్పలేదేం? నువ్వు ఒక్క మాట అంటే మానేసేవాణ్ణి కదా."

"అందుకే చెప్పలేదు."

అతనికి అర్థం కాలేదు. గ్రైండర్ నిప్పురవ్వలు చిమ్ముతుంటే ఆమె చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని వెనకాలే నడవడం గుర్తొచ్చింది. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే క్యారేజీలో తిన్నారు. మెరుస్తున్న పట్టాలో మొహం చూసుకుని 'నాన్న ఏమంటాడో' అని అతను అడిగితే, ఆమె 'చూద్దాం' అంది. అప్పుడు అతను నవ్వాడు కూడా.

"నేను ఏం చేశానే నీకు?"

"నువ్వేం చెయ్యలేదు." ఆమె కళ్ళు అన్న మీద నిలవలేదు, తండ్రి మీదికి వెళ్ళాయి. "ఆ నలభై రోజులు మొదలయ్యేసరికి అమ్మ ఆస్పత్రిలో ఉంది. నాకు తొమ్మిదేళ్ళు. పొద్దున ఆస్పత్రికి ఒక క్యారేజీ, మధ్యాహ్నం వర్క్‌షాపుకి ఒక క్యారేజీ. రోజూ అమ్మ అడిగేది, నాన్న ఎప్పుడొస్తాడని. రోజూ నిన్ను అడిగేదాన్ని. బెడ్ మీదనుంచి తల ఎత్తకుండా 'రేపు' అనేవాడివి. నేను వెళ్ళి రేపు వస్తాడట అని చెప్పేదాన్ని. ముప్పై ఒక్క రోజులు చెప్పాను. నా నోటితో. ముప్పై ఒకటో రోజు పోయింది. నువ్వు మూడు రోజులు సెలవు పెట్టి, మిగిలిన తొమ్మిది రోజులూ వెళ్ళి గీకావు."

కొడుక్కి ఆ రోజుల్లో ఊరు కాని ఊళ్ళో హాస్టలు. అతనికి ఇదేమీ తెలియదు.

"నాన్న దగ్గర అమ్మ కన్నా ఎక్కువైనది ఏముందో ఒకసారి పోగొట్టి చూడాలనుకున్నాను," అంది ఆమె. "నా చేత్తో చెయ్యడానికి ధైర్యం చాల్లేదు. అన్నయ్య చేస్తుంటే ఊరుకున్నాను."

మేస్త్రి చెయ్యి బెడ్ మీదనుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పశ్చాత్తాపమేమో అని కోడలు ఆశపడింది. "ఆస్పత్రికి వచ్చి ఏం చెయ్యాలి?" అన్నాడు ఆయన. "మంచం పక్కన కూర్చోవడం ఎవరైనా చేస్తారు. ఇక్కడ పని నేను తప్ప ఎవరూ చెయ్యలేరు. మీ అమ్మకి అది తెలుసు. నీకే తెలియలేదు."

"రోజూ అడిగింది."

"అడుగుతుంది. ఆడమనిషి." ఆ మాట అని ఆయన నవ్వాడు. నిజంగా నవ్వాడు, భుజాలు కదిలేలా. "అయినా మూడు రోజులు చూస్తూ ఊరుకున్నావు. నాకు ఎక్కడ తగిలితే ప్రాణం పోతుందో అక్కడ చూసుకుని, వైరు పట్టుకుని నిలబడ్డావు. వీడు చెయ్యి ఎత్తితే తప్పు, దించితే తప్పు. నువ్వు చెయ్యి కదపకుండా పని కానిచ్చావు. నా రక్తం నీకు వచ్చిందన్నమాట." తల ఊపాడు. "బాగుంది."

కొడుకు ఆ మాట విన్నాడు. ఇన్నేళ్ళూ దేనికోసం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూశాడో ఆ మాట తన పక్కనుంచి వెళ్ళి తన గొంతు కోసినవాళ్ళ ఒళ్ళో పడింది. అతను ఏడవలేదు. చేతిలో ఉన్న పాత గుడ్డతో, అలవాటుగా, బెడ్ మీద తండ్రి వేలిముద్రలు తుడవబోయి ఆగిపోయాడు.

చెల్లెలికి మొహం మండిపోయింది. ఇంతకంటే తండ్రి లేచి కొట్టినా బాగుండేది.

"ఎంత పోయిందో కొలుద్దాం," అన్నాడు మేస్త్రి. ఆయన గొంతులో హుషారు వచ్చింది. "అడ్డదిడ్డంగా అరిగిన బెడ్ మీద కడ్డీ ఒక చివర లావు, ఒక చివర సన్నం వస్తుంది. నేను కడ్డీ తీస్తాను. అమ్మాయి మైక్రోమీటర్ పెట్టి రెండు చివర్లూ కొలిచి పైకి చదువుతుంది. వీడు వింటాడు. వీడి కష్టం విలువ ఎంతో అంకెల్లో వినాలి కదా."

"వద్దు నాన్నా," అంది చెల్లెలు.

"ఇందాక నోరు లేదు, ఇప్పుడు వచ్చిందా? కడ్డీ ఇవ్వరా."

కొడుకు కడ్డీ ఇచ్చాడు. ఇవ్వమంటే ఇవ్వడం అతనికి ఒంట్లో జీర్ణించుకుపోయింది. కోడలు ఇది చూడలేక మంచినీళ్ళ నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. మేస్త్రి స్టూలు మీదనుంచి ముందుకి వంగి కడ్డీని చక్‌లో దూర్చాడు. చక్ తాళం పెట్టి దవడల్ని బిగించాడు. టూల్‌ని తడిమి కడ్డీకి ఆనించాడు. చూపు లేని మనిషి కోత ఎలా పడుతోందో చెవితో వింటాడు. అందుకని తల పక్కకి వంచి, చెవి చక్‌కి జానెడు దూరంలో పెట్టాడు.

"వెళ్ళి స్విచ్ వెయ్యి."

స్విచ్ గోడకి ఉంది. నిన్న కొడుకే వైరు లాగి బిగించాడు. అక్కడికి వెళ్ళాలంటే మిషన్‌కి వీపు పెట్టాలి. అతను వెళ్ళి గోడవైపు నిలబడ్డాడు. పచ్చ బటన్ మీద బొటనవేలు పెట్టాడు.

అప్పుడు చెల్లెలు చూసింది. చక్ బిగించిన తాళం చక్‌లోనే ఉండిపోయింది. టీ ఆకారంలో, జానెడున్నర పొడవు ఇనప తాళం. కడ్డీ బిగించగానే దాన్ని తీసేయాలి. అది ఉండగా మిషన్ తిరిగితే విసురుగా ఎగిరి ఎదురుగా ఉన్నదాన్ని బద్దలు కొడుతుంది. ఎదురుగా తండ్రి తల ఉంది. ఈ గదిలో చూపున్నవాళ్ళలో అటు చూస్తున్నది తను ఒక్కతే.

తగిలితే తగలనీ అనుకుంది. అవును, అనుకుంది, దాచడం ఎందుకు. ఒక ఊపిరి తీసుకునేంతసేపు ఆ కోరిక ఆమెలో నిండుగా ఉంది. కానీ ఆ బటన్ మీద ఉన్నది అన్న వేలు. తండ్రిని చంపినవాడని రేపు లోకం వేలెత్తి చూపించేది అన్ననే. మూడు రోజులు ఊరుకుని అతన్ని ఒకసారి చంపింది, ఇప్పుడు ఊరుకుంటే రెండోసారి.

"అన్నయ్యా, ఆగు."

అన్న వెనక్కి తిరగలేదు. పుట్టాక మొదటిసారి అతను చెల్లెలి మాట తోసేశాడు.

"ఇంక నువ్వు నాతో మాట్లాడకు," అని పచ్చ బటన్ నొక్కాడు.